ముందు అవతలివాళ్ల మాట

మా ఫిలాసఫీ సార్‌ని అందరూ పిల్లి సార్ అంటారు. కాలుగాలిన పిల్లిలా క్లాసంతా తిరుగుతూనే ఉంటారు మరి! కుర్చీలో కూర్చునేది డస్టరే. "ఇంట్లోనూ అంతే బాబూ, కంచం పట్టుకుని తిరుగుతారు" అని వాళ్లావిడ ఒకసారి నాతో అన్నారు.

ఆయన క్లాసులో రూలు ఒక్కటే. ఎవరితోనైనా వాదించాలంటే ముందు వాళ్ల మాట నువ్వే చెప్పాలి. వాళ్లు "ఆ, నేనన్నది అదే" అన్నాకే నీ వంతు. ఈ పిచ్చి నాకెంత పట్టిందంటే, మా అక్కతో పోట్లాటకి కూడా అలాగే దిగేవాణ్ణి. అది చీపురు తీసేది.

సార్‌ది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. ఈసారి పొడిగించాలో వద్దో తేల్చడానికి హెడ్ మేడమ్ వచ్చి వెనక బెంచీలో కూర్చున్నారు.

"ఏంటండీ మీ పద్ధతి?"

"ముందు మీ మాట చెప్తాను మేడమ్."

సార్ తిరుగుతూ మొదలుపెట్టారు. మూడు నెలలుగా 'ఇచ్చిన మాట ఎందుకు నిలబెట్టుకోవాలి' అన్న ఒక్క ప్రశ్న దగ్గరే చక్కర్లు. నోట్సు లేదు, పిల్లలు పరీక్షలో ఏం రాస్తారు? పైగా నలుగురే వాగుతారు, మిగతా ముప్పైమంది నోరు విప్పరు, వాళ్ల గతేంటి?

చివరిది మేడమ్‌కి కూడా తట్టలేదనుకుంటా, గబగబా రాసుకున్నారు. "సరిగ్గా ఇదే నేననేది!"

బెల్ కొట్టారు. ఆవిడ వెళ్లిపోయారు. సార్ వంతు రానేలేదు!

"మీ గొయ్యి మీరే తవ్వుకున్నారేంటి సార్?"

"సగం చెప్తే మోసం కదరా." కిటికీకీ తలుపుకీ మధ్య ఒకటే తిరుగుడు. చేతిలో చాక్‌పీస్ పొడైపోయింది.

నేనాగలేక మేడమ్ గదికి పరిగెత్తా. ఆవిడ ముందు సార్ ఉద్యోగం కాగితం, పెన్ను మూత తీసి ఉంది.

"మేడమ్, సంతకం పెట్టేముందు సార్ మాట మీరోసారి చెప్పండి."

"నీకెందుకయ్యా?" అన్నారే గానీ మొదలుపెట్టారు. "ఆయన ఏమంటారంటే..." ఆగారు. మళ్లీ మొదలు. మళ్లీ ఆగారు. "అసలాయన చెప్తేగా!" అని కసిరారు.

"బెల్ కొట్టేశారు మేడమ్."

పెన్నుకి మూత పడింది. "రేపు క్లాసు ఎన్నింటికి?"

ఎగురుకుంటూ వచ్చి చెప్తే సార్ ఇంకా జోరుగా తిరగసాగారు. "ఆ ముప్పైమంది గురించి ఆవిడ అన్నదానికి నా దగ్గర జవాబు లేదురా."

"అన్నది మీరే సార్!"

"ఎవరంటే ఏం, నిజమేగా." తలుపు దగ్గర ఆగారు. ఆయన ఆగడం అదే మొదటిసారి చూశా. "రేపు మీ నలుగురూ నోరు మూసుక్కూర్చోండి. నువ్వు ముఖ్యంగా."