ఉప్పక్క తిన్న ఉప్పు

ఆ షెడ్డులో అందరూ ఆమెను ఉప్పక్క అనే పిలిచేవాళ్లు. అది నిల్వ మాంసం తయారుచేసే చిన్న కార్ఖానా. మాంసానికి ఉప్పు పట్టించడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. చల్లటి గదిలో మోచేతుల దాకా రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కను అటూ ఇటూ తిప్పి రుద్దేది. మామూలు ఉప్పులో గులాబి రంగు ఉప్పు కాస్త కలుపుతారు. అది పడితేనే మాంసం చూడ్డానికి ఎర్రగా ఉంటుంది, త్వరగా పాడవదు. ఎంత కలపాలో యజమాని చెప్పేవాడు, ఆమె కలిపేది.

యజమాని ఆమెకంటే ఐదేళ్లు చిన్న. "అక్కా" అనకుండా మాట మొదలుపెట్టేవాడు కాదు. ఆమె భర్త పోయినప్పుడు అందరికంటే ముందు వచ్చి నిలబడింది అతనే. అందుకే అతను చెప్పిందే ఆమెకు వేదం. అమ్మకానికి పనికిరాని చివరి ముక్కలు రోజూ సాయంత్రం పొట్లం కట్టి ఆమె చేతిలో పెట్టేవాడు.

"మన చేతి సరుకక్కా, పిల్లకి పెట్టు."

తల్లీకూతుళ్లు పూటపూటకీ అవే తిన్నారు. "మనింటికి కూరగాయలు చుట్టపుచూపుగా వస్తాయమ్మా. ఇది మాత్రం ఇల్లరికపు అల్లుడిలా తిష్ట వేసింది," అని కూతురు నవ్వేది.

యాభై మూడో ఏట ఉప్పక్కకి విరేచనంలో రక్తం పడటం మొదలైంది. మొలలేమో అనుకుని, సిగ్గుతో నోరు విప్పలేదు. నాలుగు నెలల్లో మనిషి సగమయ్యేసరికి కూతురే రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. పెద్దపేగులో క్యాన్సర్ అని తేలింది.

ఆపరేషన్‌కు ముందు డాక్టరమ్మ తిండి గురించి అడిగింది. ఉప్పక్క పొట్లాల సంగతి కాస్త గొప్పగానే చెప్పింది. డాక్టరమ్మ రాస్తున్నదల్లా ఆగింది.

"ఆ రంగు ఉప్పు కడుపులోకి వెళ్లాక ఊరికే ఉండదమ్మా. మాంసంలో ఉన్నవాటితో కలిసి పేగుల్లో కొత్త పదార్థాలు తయారవుతాయి. వాటిలో కొన్ని పేగు లోపలి పొరను దెబ్బతీస్తాయి. ఏళ్ల తరబడి దెబ్బ మీద దెబ్బ పడితే, అది ఒక్కోసారి క్యాన్సర్‌కు దారితీయొచ్చు."

"అంటే నా జబ్బు దానివల్లేనా?"

"అంత ఖాయంగా చెప్పలేను. వయసుంది, వంశముంది, ఇంకా చాలా ఉంటాయి. రోజూ తినేవాళ్లకు ముప్పు ఎక్కువని మాత్రం చెప్పగలను. ఇదేం కొత్త సంగతి కాదు, ఆ పనిలో ఉన్న చాలామందికి తెలుసు."

ఆ చివరి మాట దగ్గర ఉప్పక్కకి ఒక సంగతి గుర్తొచ్చింది. నెలకోసారి యజమాని ఇంటికని ఆమే విడిగా నాలుగు ముక్కలు తయారుచేసేది. ఉత్త ఉప్పుతో. "మా ఆవిడకి ఆ రంగు నచ్చదక్కా" అనేవాడు. ఎవరి సరదా వాళ్లదిలే అనుకుంది ఇన్నాళ్లూ.

ఆపరేషనైన రెండు నెలలకు, కూతురి భుజం పట్టుకుని షెడ్డుకు వెళ్లింది. యజమాని ఎదురొచ్చి కుర్చీ వేశాడు. ఆమె కూర్చోలేదు.

"తమ్ముడూ, మీ ఇంటి ముక్కలకు ఉత్త ఉప్పే ఎందుకు పట్టించావు?"

అతను కుర్చీ ఇంకాస్త ముందుకు జరిపాడు. "ఆ రంగు ఉప్పు చట్టం ఒప్పుకున్నదేనక్కా. లోకమంతా తింటోంది. తిన్నవాళ్లందరికీ జబ్బు చేసిందా?"

"లోకం సంగతి కాదు నేనడిగింది. నీ ఇంటి సంగతి."

అతను నేల చూపులు చూస్తూ అన్నాడు. "పదేళ్ల కిందట ఎక్కడో చదివానక్కా. పిల్లలున్న ఇల్లు కదా అని…"

"నా ఇంట్లో ఉన్నది పిల్ల కాదా?"

 తెలియక చేశానని అతను అబద్ధమాడినా ఆమె నమ్మేదే. తెలిసి, పదేళ్లపాటు, నవ్వుతూ అక్కా అంటూ పొట్లం కట్టాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదేనేమో.

ఆమె అక్కణ్నుంచి తిన్నగా ఉప్పు గదిలోకి వెళ్లింది. అక్కడున్న ముగ్గురు ఆడవాళ్లకు డాక్టరమ్మ చెప్పింది చెప్పినట్టు చెప్పింది, ఖాయం కాదన్న ముక్కతో సహా. "నా పొట్ట కొట్టకక్కా" అంటూ యజమాని వెనకే వచ్చాడు. ఆ సాయంత్రం యజమాని వాళ్లకూ ఇచ్చిన పొట్లాలను ఇద్దరు బల్లమీదే వదిలేశారు. మూడో ఆమె మాత్రం, "ఊరికే వచ్చేదాన్ని వదులుకుంటే నా ఇల్లెలా గడుస్తుందే?" అంటూ సంచిలో వేసుకుంది. 

తర్వాత ఆమె ఒక లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే పనిలో చేరింది. జబ్బు తిరగబెట్టలేదు. పోరుపెట్టి కూతురికీ పరీక్ష చేయించింది. "ఇప్పటికైతే ఏమీ లేదు" అంది డాక్టరమ్మ. కూతురు ఊపిరి పీల్చుకుంది కానీ, తల్లి "ఇప్పటికైతే" దగ్గరే ఆగిపోయింది.

ఆ వారమే యజమాని ఫోన్ చేశాడు. "అక్కా, నువ్వు లేక షెడ్డు బోసిపోయింది. వచ్చెయ్."

 ఉప్పక్క గొంతు మామూలుగానే ఉంది.

"నన్ను అక్కా అనకండి. వేరే మనిషిని చూసుకోండి. నేను పనిలో ఉన్నాను, ఉంటానండి."

ఇరవై రెండేళ్లలో అతన్ని ఆమె 'మీరు' అనడం అదే మొదలు.