ముగ్గురాయి గని జీపు డ్రైవరు దస్తగిరి

దస్తగిరి జీపులో సామాను పెట్టె సర్దుతున్నంతసేపూ ఎవరూ దగ్గరికి పోయేవాళ్లు కాదు. పలకరించినా కసురుకునేవాడు. యుద్ధకాలంలో బర్మా దారుల్లో మిలిటరీ లారీ తోలిన మనిషి. ఒక్క నట్టు లేక ఆగిపోయిన బండ్లను, వాటితోపాటు దెబ్బతగిలిన మనుషులనూ వదిలేసి రావడం కళ్లారా చూశాడు. అందుకే పానాలు, ప్లగ్గులు, ఫ్యాన్ బెల్టు, కమాను పట్టీ ఒకదానికొకటి రాసుకోకుండా పాత కంబళి ముక్కల్లో చుట్టేవాడు. పెట్రోలు ట్యాంకుకు చిల్లి పడితే మెత్తడానికి బట్టల సబ్బు కూడా పెట్టుకునేవాడు.

వేంపల్లె దగ్గర ముగ్గురాయి గనిలో అతనికి ఆరేళ్లుగా పని. యాభై నాలుగు ఎండాకాలంలో గని యజమాని తన బామ్మర్ది ఓబుల్‌రెడ్డిని మేనేజరుగా తెచ్చిపెట్టాడు. మొదటి రోజు నుంచీ ఇద్దరికీ పడలేదు.

పాలకొండల్లో కొత్త రాయి బయటపడిందని తెలిసి, చూడటానికి ఒక పొద్దున బయల్దేరారు. దారి చూపడానికి ముసలి కూలీ హనుమన్న జీపు వెనక ఎక్కాడు. ఓబుల్‌రెడ్డి తుపాకి, మడతకుర్చీ, అన్నం క్యారియరు మోయించుకుని వచ్చి పెట్టెను కాలితో తోశాడు.

“ఏందిరా ఈ పాత ఇనుము? అంగడి పెడ్తాండావా?”

“కొండలో అంగడి ల్యాదు రెడ్డీ. అందుకే మోస్తాండా.”

“మోసేది జీపు, నువ్వు కాదు. కడపలో అమ్ముకుంటాండావని నాకు తెల్దనుకుంటివా? దించు!”

దొంగ అనిపించుకోవడం దస్తగిరికి అదే మొదలు. పెట్టె దించాడు. రెండు నీళ్ల డబ్బాల్లో ఒకటి కూడా దించమంటే దించాడు. దించేటప్పుడు బొటనవేలంత కండెన్సరు ఒకటి, స్క్రూడ్రైవరు తీసి జేబులో వేసుకున్నాడు.

ఎండ బాగా ఎక్కాక, ఊళ్లన్నీ దాటి ఒక ఎండిన వంకలో జీపు ఆగింది. దస్తగిరి ఇంజను మూత తీసి చూశాడు. కండెన్సరు పోయింది. అది లేనిదే ఇంజను అందుకోదు, జేబులోది బిగిస్తే మాత్రం పది నిమిషాల పని. మూత వేసి, జీపు నీడలో చతికిలబడ్డాడు.

“ఏమైంది?” అన్నాడు ఓబుల్‌రెడ్డి.

“సామాను కావాల. పెట్టె గనికాడుండాది.”

ఓబుల్‌రెడ్డి నోటికొచ్చినట్టు తిట్టాడు. తిట్టి తిట్టి దాహమేసి, ఉన్న నీళ్లలో సగం తాగాడు. మిగతావి ముఖం మీద పోసుకున్నాడు. దస్తగిరి చూస్తూనే ఉన్నాడు. ఆ మనిషి పెదవులు ఎండిపోవడం, కుర్చీని నీడ వెంబడి జరుపుకోవడం, గొంతు తగ్గడం చూస్తుంటే అతనికి కడుపు నిండినట్టుంది. సాయంత్రం దాకా కూర్చోబెట్టాలనుకున్నాడు.

హనుమన్న చెలమ తీస్తానని వంకలో ఇసుక తోడుతూ పోయాడు. ఎంతకీ రాలేదు. దస్తగిరి వెళ్లి చూస్తే మోకాలి లోతు గుంట పక్కన బోర్లా పడి ఉన్నాడు. గుంటలో తేమ కూడా లేదు.

ముసలాయనను మోసుకొచ్చి జీపులో పడుకోబెట్టి, కండెన్సరు తీసి బిగించాడు. ఇంజను ఒక్క దెబ్బకు అందుకుంది.

ఓబుల్‌రెడ్డి కళ్లు ఎర్రబడ్డాయి. “జేబులో పెట్టుకోని నన్ను ఎండబెడ్తివా రా!” అని చెయ్యెత్తాడు.

దస్తగిరి స్క్రూడ్రైవరు గట్టిగా పట్టుకున్నాడు. “ఎక్కుతావా, ఈడ్నే ఉంటావా?”

ఓబుల్‌రెడ్డి ఎక్కాడు.

ఆ సాయంత్రమే యజమాని పిలిచి అడిగితే దస్తగిరి అబద్ధమాడలేదు. పని పోయింది. దానికి అతను బాధపడలేదు. ఓబుల్‌రెడ్డి మీద కోపం కూడా రవ్వంత తగ్గలేదు.

మూడో రోజు హనుమన్నను చూడటానికి పోయాడు. ముసలాయన మంచం మీదున్నాడు. లేవలేదు.

“నువ్వు జేబులో ఏసుకునేది పొద్దున్నే చూసినప్పా,” అన్నాడు మెల్లగా. “ఇప్పుడు తీస్తావు, ఇంగ కాసేపటికి తీస్తావు అని చూస్తాంటి. నేనొకణ్ణి ఆడుండానని నీకు తట్టల్యా.”

హనుమన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. కోడలు వాకిట్లో చెరిగే చేట ఆపి, దస్తగిరి ఎప్పుడు బయటికి నడుస్తాడా అని చూస్తూ నిలబడింది.

ఆ వారంలోనే దస్తగిరి బద్వేలుకు పోయి లారీలో కుదిరాడు. వేంపల్లె మీదుగా కిరాయి వస్తే మాత్రం వేరే డ్రైవరును పంపమనేవాడు.