పూడిమడక ఇసుక

పదకొండేళ్లుగా కాసులమ్మ తన ఇంట్లో నడిమధ్య నడవలేదు. గోడవారగా నడిచేది. మంచం గుమ్మంలో, సగం లోపలా సగం వసారాలోనూ వేసుకునేది. గవరపాలెంలో ఆమెది ఒకే గది, దాని మీద స్లాబు. ఆ స్లాబు పెచ్చులు రాలడం మొదలై పదకొండేళ్లయింది. మొదట గోరంత, తర్వాత అరచేయంత. ఒకసారి ఇటుకంత ముక్క పడి అన్నం గిన్నె సొట్టపోయింది. అప్పటి నుంచి వంట కూడా వసారాలోకి మార్చేసింది.

ఆమెకు యాభై తొమ్మిదేళ్లు. బడిలో మధ్యాహ్న భోజనం వండుతుంది. అంతకు ముందు ఇరవై ఏళ్లు భర్త పోతురాజు వెంట తట్ట మోసింది. పోతురాజు తాపీమేస్త్రి. ముప్పై దాకా ఇళ్లు కట్టాడు. పనిమంతుడని పేరు. గుండె ఆగి పోయి పన్నెండేళ్లయింది. పిల్లలు లేరు.

నిరుడు శ్రావణంలో ఎలియాజరు ఆమె తలుపు తట్టాడు. అతనూ మేస్త్రిపని చేసి మానుకున్నవాడే. చర్చిలో తోటివాళ్లనూ తెలిసిన పనివాళ్లనూ ఏడెనిమిది మందిని పోగుచేసి, సొంత ఇల్లుండీ బాగుచేయించుకునే తాహతు లేనివాళ్లకు ప్రతి రెండో శనివారం ఉచితంగా రిపేర్లు చేస్తుంటాడు. బడిలో తోటి వంటామె కాసులమ్మ సంగతి అతని చెవిన వేసింది. తలుపు తట్టినంతసేపూ కాసులమ్మ లోపల గోడకు ఆనుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. తర్వాత తోటి వంటామె కోప్పడితే, నిద్రపోయానని అబద్ధమాడింది. మొహమాటం అనుకుందామె. కాదు. స్లాబంటే ఎంత భయమో, దాన్ని ఒక మేస్త్రి చూడటమంటే కాసులమ్మకు అంతకు రెట్టింపు భయం.

భాద్రపదంలో మూడు రోజులు ముసురు పట్టింది. మూడో రోజు మధ్యాహ్నం ఆమె బడి నుంచి వచ్చేసరికి, పొయ్యి రాయంత పెచ్చు ఒకటి గుమ్మంలో మంచం తలవైపు పడి ఉంది. తలగడ చినిగి దూది బయటికొచ్చింది. ఆమె లోపలికి అడుగు పెట్టలేదు. తడుస్తూనే ఎలియాజరు ఇంటికి నడిచింది.

ఆ శనివారం అతను వచ్చి, సుత్తి పిడితో స్లాబును ఈ చివర నుంచి ఆ చివర వరకు తట్టాడు. ఎక్కడ తట్టినా డొల్ల శబ్దమే. ఒకచోట కొంచెం గీకాడు. బయటపడిన ఊచను చేత్తో వంచితే ఎండుపుల్లలా విరిగింది. రాలిన పొడిని అరచేతిలో నలిపి చూసి, వెలుతురులోకి తెచ్చాడు. అందులో గోరు పాటి తెల్లటి గవ్వపెంకు ముక్క ఉంది.

“సెల్లెమ్మా, ఈ ఇసక ఎక్కడిది?” అన్నాడు.

శారదా నదిదే అంది కాసులమ్మ. అతను వాదించలేదు. పెంకును ఆమె ముందు వసారా గట్టు మీద పెట్టాడు. ఆమె ఆ గట్టు మీదే కూలబడి, ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పింది.

ఇరవై ఎనిమిదేళ్ల కిందటి మాట. ఆ ఏడు నది నిండుగా పారుతోంది, ఇసుక దొరకలేదు. ఒక ఇంటివాళ్లకు గృహప్రవేశం ముహూర్తం ముంచుకొచ్చింది. పోతురాజు పూడిమడక సముద్రతీరం నుంచి ట్రాక్టరు ఇసుక తెప్పించాడు. రెండుసార్లు మంచినీళ్లతో కడిగించాడు. ఆ కడిగింది కాసులమ్మే. ఉప్పు పోయిందని ఇద్దరూ నమ్మారు. మిగిలిన ఇసుకతో తమ స్లాబూ పోసుకున్నారు. ఉప్పు పోలేదని, లోపలి ఊచలను అదే తినేస్తోందని తన ఇంట్లో పెచ్చులు రాలడం మొదలయ్యాకే ఆమెకు అర్థమైంది.

“ఆ రెండో ఇల్లు ఎవరిది?”

ఇన్నేళ్లూ కాసులమ్మ భయపడింది ఈ ప్రశ్నకే. చెబితే పోయిన మనిషి పేరు వీధిలో పడుతుంది. పోలీసులు వస్తారేమో, ఇసుక కడిగిన చేతులు తనవేనని పట్టుకెళతారేమో అని కూడా అనుకునేది. చెప్పకపోతే ఏమవుతుందో రోజూ బడికి వెళ్తూ చూస్తూనే ఉంది. ఆ ఇల్లు వెనక వీధిలో కుమారిది. కట్టించిన మామగారు లేరు, మొగుడు లేడు. మిషను కుట్టి కూతురు ధనశ్రీని పదో తరగతి చదివిస్తోంది. కిటికీలోంచి మంచం మీద బోర్లా పడుకుని చదువుకుంటున్న పిల్ల కనిపిస్తే, కాసులమ్మ చూపు పిల్ల మీద కాక పైకప్పు మీదకు పోయేది. రెండేళ్ల కిందట కుమారి, పెచ్చులు కనబడకుండా ప్లాస్టిక్ షీట్ల సీలింగ్ వేయించింది. ఇక ఏమీ కనిపించదు. అప్పటి నుంచి కాసులమ్మ ఆ వీధి మానేసి చుట్టుతిరిగి పోతోంది.

“కుమారిది అన్నయ్యా,” అంది చివరికి. “నాను వత్తాను. నానే సెప్తాను.”

అప్పుడే బయలుదేరారు. ఆ కాస్త దూరానికే ఆమె మూడుచోట్ల ఆగింది. కుమారి వాకిట్లో మిషను ముందు కూర్చుని ఉంది. కాసులమ్మ నిలబడే చెప్పింది, ఒక్క ముక్కా దాచలేదు. కుమారి మిషను ఆపింది.

“తెలిసీ ఇన్నేళ్లు మా పిల్ల నెత్తి మీద ఉంచేవా, పిన్నీ?”

కుమారి లోపలికి పరిగెత్తి, చదువుకుంటున్న పిల్లను రెక్క పట్టుకుని బయటికి లాగింది.

ఎలియాజరు ఒక్కడే గుమ్మం దగ్గర నిచ్చెన వేసి, పొడవాటి గెడతో మంచం పైనున్న షీటు అంచును తప్పించాడు. షీటు సగం విడింది. దాని మీద ఎన్నాళ్లుగానో పోగుపడిన పెచ్చులన్నీ ఒక్కసారిగా మంచం మీదకు దిగాయి. దుమ్ము వీధిలోకి వచ్చింది. దుమ్ము అణిగాక చూస్తే, పిల్ల పుస్తకం కనబడలేదు. మంచం మీద రెండు తట్టలకు పైగా పెచ్చులున్నాయి. పైన తుప్పు ఊచలు వేలాడుతున్నాయి. కుమారి కూతుర్ని పొట్టకు అదుముకుని అలాగే కూర్చుండిపోయింది. మర్నాటికి కాసులమ్మకు జ్వరం వచ్చింది.

రెండు స్లాబులూ నిలిచేవి కావని ఎలియాజరు తేల్చేశాడు. కుమారి ఇంటి పని ముందు చెయ్యమని కాసులమ్మ పట్టుబట్టింది. అక్కడ పని పూర్తయ్యేదాకా కుమారి, ధనశ్రీ చర్చి పక్క గదిలో ఉన్నారు. కాసులమ్మ తోటి వంటామె ఇంట్లో తలదాచుకుంది. స్లాబు కింద సరుగుడు బాదులు ఆనించి, దాన్ని అంచెలంచెలుగా పగలగొట్టి, రేకులు వేయడానికి ఒక్కో ఇంటికి మూడేసి శనివారాలు పట్టాయి. కాసులమ్మ మళ్లీ తట్ట ఎత్తింది. వద్దన్నా వినలేదు. కుమారి అందరికీ టీ ఇచ్చేది. కాసులమ్మ గ్లాసు మాత్రం చేతికివ్వక, గోడ మీద పెట్టి వెళ్లేది. ఈ రోజుకీ ఆమెతో మాట్లాడలేదు. తప్పు పట్టడానికి కాసులమ్మకు నోరు రాదు.

విషయం ఊళ్లో పాకింది. పోతురాజు కట్టిన మిగతా ఇళ్లవాళ్లు ఆమెను దారిలో ఆపి అడగసాగారు. ఆ ట్రాక్టరు ఇసుక రెండిళ్లకే సరిపోయిందని ఆమెకు తెలుసు. అయినా ఇప్పుడు తన మాట తనకే చాలడం లేదు. ఒక్కో ఇంటికీ ఎలియాజరును వెంటపెట్టుకుని వెళ్తోంది. పోతురాజు భార్యనని చెప్పుకుని, జరిగింది మొదటి నుంచీ చెబుతుంది. కొందరు కూర్చోబెడతారు, కొందరు తిడతారు. అతను స్లాబు తట్టి చూసినంతసేపూ ఆమె వీధిలో నిలబడి, రెండు చెవులూ మూసుకుంటుంది.

ఇప్పటికి పద్నాలుగు ఇళ్లు చూశారు. అన్నీ గట్టిగానే ఉన్నాయి. పద్నాలుగో ఇల్లు మునగపాకలో. బయటికొచ్చిన ఎలియాజరు ఆమె చేతులు దింపమని సైగ చేశాడు.

“బానే ఉన్నాది సెల్లెమ్మా. ఇంకా బయ్యమేటి?”

“మిగిలినవి కూడా సూడు అన్నయ్యా,” అని ఆమె బస్సు కోసం రోడ్డు వైపు నడిచింది.