కఫీల్ మారిన కథ

ఆరేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. మొత్తం కలిపితే రెండు చిన్న వాక్యాలు. అంత చిన్నదానికి ఇంత బరువేమిటని మీరు అడగవచ్చు. నేనూ అడుగుతూనే ఉన్నాను.

కువైట్‌లో, అల్ రాయ్‌లో గోడౌన్ స్టోర్‌కీపర్‌ని. చదివింది ఇంగ్లిష్ లిటరేచర్ ఎం.ఏ.; టైర్లు పేర్చడానికి ఆ మాత్రం చదువు అవసరమే.

రెడ్డెమ్మది రాయచోటి వైపు. మిష్రిఫ్‌లో ఒక విల్లాలో ఇంటిపని; ఆ ఇంటి యజమానురాలిని ‘మామా’ అనాలి. సెలవు దొరికిన శుక్రవారాల్లో అబ్బాసియాలో మా గది కింద టీ కొట్టుకు వచ్చేది. ఆ ఇంటి అమ్మాయి పారేసిన ఇంగ్లిష్ నవలలు సంచిలో తెచ్చేది. అన్నీ ఒకటే రకం: అమెరికా పశువుల మందలు, సరదా ప్రేమలు. అట్ట మీద టోపీ పెట్టుకున్న మగవాడు, పక్కన అతనికంటే తెలివైన ముఖంతో గుర్రం. ఆమెకు చదవడం రాదు. నేను తెలుగులో చెప్పేవాణ్ణి. నన్ను ‘అన్నా’ అనేది కాబట్టి నా ప్రేమకథ అక్కడితో సమాప్తం. అయినా వారమంతా ఆ గంట కోసమే ఎదురుచూసేవాణ్ణి.

ఒక నవలలో నాయిక వంటమనిషి. ఆమెను పనిలో పెట్టుకున్న ఆసామిని ఏమనాలో తోచక, ఇక్కడ మా వీసాలు గుప్పిట్లో పెట్టుకునే యజమానిని అన్నట్టే ‘కఫీల్’ అన్నాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. గ్లాసు కింద పెట్టింది.

“కఫీల్ తిడితే ఆ యమ్మి ఏం జేసెన్నా? ఇల్లిడిసి పాయనా?”

“ఎందుకమ్మా?”

“మామా కొడతాంది. ఎంబసీకి పోయి, మా ఊరికి పంపీండని అడుగుదామని ఉండాది. ఆ యమ్మి ఏం జేసిందో సెప్పు, నేనూ అదే జేస్తా.”

పుస్తకంలో ఆ పిల్ల మూడో అధ్యాయంలోనే పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంది. సరదా అంతా ఆ తర్వాతే. అతను గుర్రమెక్కి ఊరూరా వెతుకుతూ బురదలో పడతాడు. నాకు తెలుసు. అప్పటికే చదివేశాను.

“లేదమ్మా, ఓర్చుకుంది. ఆఖర్న కఫీలే మారాడు.”

ఎందుకన్నాను? ఉత్త చేతులతో వెళ్తే ఇంట్లోవాళ్లు ఏమంటారోనని ఆమె మేలే కోరానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. కథలు మార్చి చెప్పడం అప్పటికి బాగా అలవాటైంది. నిజం పొట్టిది. ఆమె వెళ్లిపోతే నా శుక్రవారాలు పోతాయి.

“అట్లయితే నేనూ సూస్తాలే,” అని లేచింది.

రెండు నెలలు చూసింది. చొక్కా మీద మడత పోలేదని మామా కాలుతున్న ఇస్త్రీపెట్టెను ఆమె కుడిచేతి మీద పెట్టింది. ఆ వేళ్లు ఇక ముడుచుకోవు. టికెట్ వాళ్లే తీశారు. ఖలాస్.

ఎయిర్‌పోర్టు నుంచి వాయిస్ మెసేజ్ పంపింది. “ఆ యమ్మికి ఓర్పు శానా అన్నా. నాకు అంత ల్యాకపాయ.”

ఇప్పటికీ జవాబివ్వలేదు. నంబరు ఉంది. మీకు చెప్పగలుగుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను అన్నా అనరు. చెప్పాక ఊపిరి కొంచెం ఆడుతోంది. అది క్షమాపణ కాదని తెలుసు.

రెడ్డెమ్మా, ఆ పిల్ల ఓర్చుకోలేదు. వెళ్లిపోయింది.