ఆవాలతో ఇటుకను కొలిచిన వారం

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకు తెలియనిదేదీ ఉండేది కాదు (ఇప్పుడూ అలాగే మాట్లాడతానని మా ఆవిడ అంటుంది). కార్ఖానాలో ఇటుకలు పరీక్షించే చిన్న ల్యాబు మాది. ఇటుక ముక్కను పాదరసంలో ముంచి, ఎంత చోటు ఆక్రమించిందో చూసేవాళ్ళం. ముక్కనిండా సన్నని రంధ్రాలున్నా పాదరసం వాటిలోకి దూరదు, అందుకే దానికంత గౌరవం. ఏళ్ళ తరబడి ఆ పని చేసిన, మేమంతా భాయ్ అని పిలిచే ల్యాబు పెద్దాయనకి చేతులు వణకడం మొదలైంది. పాదరసం ఉన్న గదిలోకే వెళ్ళొద్దన్నాడు డాక్టరు. మా పై సారేమో, "వారంల కొలిచేటందుకు వేరే తరీఖా చూపెట్టుండ్రి. లేకుంటే భాయ్‌కి ఈడ పని లేదు" అని తేల్చేశాడు.

"పరేషాన్ గాకుండ్రి భాయ్, నేనున్న గద" అన్నాను, ఏం చూసుకుని అన్నానో మరి. అల్వాల్‌లో మా ఇంట్లోంచి అమ్మకు చెప్పకుండా డబ్బాడు ఆవాలు ఎత్తుకొచ్చాను. ఆవాలూ రంధ్రాల్లోకి దూరవు, పైగా ఎవరికీ హాని చెయ్యవు. ఖాళీ గిన్నెలో ఎన్ని పడతాయో నేను కొలవాలి, ముక్క పెట్టాక ఎన్ని పడతాయో భాయ్ కొలవాలి. ఆ తేడాయే ముక్క పరిమాణం. తీరా చూస్తే, పాదరసంలో కొలిచినప్పటికంటే మా ముక్క బాగా చిక్కిపోయింది. ఎన్నిసార్లు చేసినా అంతే. నాలుగో రోజు నోరు జారాను. "మీ చెయ్యి వణికి గిన్నె కదులుతుంది భాయ్, గందుకే ఆవాలు ఎక్కువ పడుతున్నయ్." ఆయన మొహం పాలిపోయింది.

మర్నాడు భాయ్ నా పక్కనే నిలబడి నేను పోయడం చూశాడు. "తమ్మీ, మీది కిరాణా దుకాణమా?"

"మా తాతది ఉండె. ఎందుకు?"

"గట్లనే పోస్తున్నవ్. పైపైన, వదులు వదులుగ. నేను జిందగీ అంత కొనేటోన్ని. గిన్నె నాలుగుసార్లు కొట్టి నింపకుంటే నాకు నిద్ర పట్టది."

నిజమే. దుకాణదారు చేత్తో నేను, కొనేవాడి చేత్తో ఆయన ఒకే గిన్నెను కొలుస్తున్నాం. నా ఖాళీ గిన్నెలో ఆవాలు తక్కువ పడి, ఆయన గిన్నెలో ఎక్కువ పడి, తేడా చిక్కిపోతోంది. ఈసారి ఇద్దరం లెక్కపెట్టి గిన్నెకు పదేసి దెబ్బలు కొట్టి నింపాం. అంకె పాదరసపు అంకెకు వెంట్రుకవాసి దూరంలో ఆగింది.

సారు వచ్చి చూసి, "శభాష్, మస్తు దిమాగ్ పెట్టినవ్" అని నన్ను మెచ్చుకున్నాడు. అసలు తప్పు పట్టుకున్నది భాయేనని చెప్పడానికి నోరు తెరిచాను గానీ, ఆ పొగడ్త వినడానికి హాయిగా ఉండి మళ్ళీ మూసుకున్నాను. తన ఉద్యోగం నిలబడిందన్న సంతోషంలో భాయ్ నన్ను సందు చివరి హోటల్‌కి తీసుకెళ్ళాడు. "నీ వల్లనే తమ్మీ" అంటూ వణికే చేత్తోనే చాయ్ సాసర్లో పోసి నా ముందుకు జరిపాడు. అప్పటి నేననే ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, చెవి మెలిపెట్టాలనీ అనిపిస్తుంది. కాదు భాయ్, మీ వల్లనే అని ఒక్క మాట అనకుండా, ఇంకో చాయ్ కూడా చెప్పించుకుని తాగాడు.