రామయ్యపట్నం ఒడ్డున ఉచితంగా డేరా వేయబోతే

పోయిన నెల సముద్రం ఒడ్డున ఒక లాడ్జిలో గది అడగడానికి మా వదిన, నేను వెళ్ళాం. కౌంటర్లో కూర్చున్నాయన మా భుజాల మీదుగా వెనక్కి చూసి, "మగవాళ్ళెవరూ రాలేదా?" అన్నాడు. రాలేదన్నాక గది రెండున్నర వేలన్నాడు, అదీ ఇవ్వడం ఇష్టం లేనట్టుగా. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ మా వదిన సరోజిని, "సముద్రం పక్కన ఒక రాత్రి పడుకోడానికి ఈల్లకి ఇన్ని సంజాయిషీలేటి? నానివ్వను పద్మా" అంది. ఈ ప్రయాణం ఆ మాటతోనే మొదలైంది.

నాకు ఒడిశాలోని బరంపురంలో, గోసాని నువాగాం పేటలో చిన్న జిరాక్స్ దుకాణం ఉంది. వదిన అంగన్‌వాడీలో పనిచేస్తుంది. మా దుకాణానికి వచ్చే ఒక లెక్చరర్ గారు బదిలీ మీద వెళ్తూ తన పాత డేరా నాకిచ్చి వెళ్ళారు. దాన్ని పట్టుకుని, ఐదు వందలు దాటకుండా ఒక రాత్రి సముద్రం దగ్గర గడిపి రావాలనుకున్నాం. ఉచితంగా ఉండాలి, కానీ దొంగచాటుగా కాదు. అదొక్కటే మేం పెట్టుకున్న నియమం. దుకాణానికి వచ్చే గుమాస్తాలను అడిగితే తేలిందేమిటంటే, అటవీ శాఖ తోటల్లో అనుమతి లేకుండా ఉండకూడదు, పట్టా భూమిలో అయితే యజమాని ఒప్పుకోవాలి, ఊరి ఉమ్మడి జాగాలో అయితే ఊరివాళ్ళను అడగాలి, ఎక్కడైనా సరే పోలీసులకు ముందుగా చెప్పడం మంచిది. ఒడియాలో ఒక దరఖాస్తు రాసి, ఆ తీరానికి చెందిన స్టేషన్లో ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకున్నాను. రోజుకు పదిమందికి దరఖాస్తులు రాసిపెట్టే నేను నాకోసం రాసుకోవడం అదే మొదటిసారి.

బుధవారం పొద్దున్న ఆరున్నర బస్సుకి బయల్దేరాం. రామయ్యపట్నం వైపు రోడ్డు చీలే చోట హైవే మీద దిగాం. టికెట్టు మనిషికి నలభై. అక్కడినుంచి ఆటో. ఇద్దరికీ కలిపి నూట ఇరవై అన్నాడు, వందకి వచ్చాడు. ఆటో నడిపే గణపతికి యాభై ఏళ్ళుంటాయి. మా సంచి వంక రెండు మూడుసార్లు చూసి ఆగలేకపోయాడు.

"ఏటమ్మా అది, బాజా ఏటి?"

"డేరా" అన్నాను.

"డేరా ఏల? మీకు ఇల్లు లేదేటి?"

వదిన నవ్వు ఆపుకోలేకపోయింది. దిగేటప్పుడు గణపతి తన ఫోన్ నంబరు ఇచ్చి, "సీకటడితే ఆటోలుండవు, బేగి పిలవండి" అని చెప్పి వెళ్ళాడు.

ముందు సరుగుడు తోటలోకి వెళ్ళాం. నీడ బాగుంది, నేల మెత్తగా ఉంది. తోట కాపలాదారు ఎదురొచ్చి, "ఇక్కడుండకూడదమ్మా. ఈ ఎండాకుల మీద ఒక్క నిప్పురవ్వ పడితే తోటంతా పోతాది" అన్నాడు. కుదరదన్నాడు, ఎందుకు కుదరదో చెప్పాడు. ఆయన మీద మాకు ఏ కోపమూ లేదు. సంచి ఎత్తుకుని ఒడ్డుకు నడిచాం.

తొమ్మిదిన్నరకి అసలు చోటు కనిపించింది. ఎత్తుగా, చదునుగా, గట్టి ఇసుక. చుట్టూ వెదురు కర్రలు పాతి నీలం తాడు కట్టారు. ముందు ఒక బోర్డు: క్యాంపింగ్, డేరాకి ఆరు వందలు. ప్లాస్టిక్ కుర్చీలో టోపీ పెట్టుకున్న మనిషి. నిజం చెప్పాలంటే ఆ చోటు నాకు కొత్త కాదు. నారింజ రంగు డేరాలు వరసగా ఉన్న దాని ఫొటో ఎవరో పెడితే, బాగుందని నా ఫోన్లో దాచుకున్నాను.

"మీ డేరాయే ఏసుకుంతే ఐదొందలివ్వండి" అన్నాడు టోపీ మనిషి.

"రసీదు ఇస్తారా?"

"రసీదేటికమ్మా? జాగా మాది. లీజు తీసుకున్నాం."

"ఆ లీజు కాగితం చూపించండి."

"ఆఫీసులో ఉంది."

"ఏ ఆఫీసులో?"

ఫోన్ తీసి దానిలోకి చూస్తూ కూర్చున్నాడు.

తాడుకి అవతల, పల్లంలో, ఒకావిడ వల పరిచి నెత్తళ్ళు ఎండబెడుతోంది. అక్కడి నేల చెమ్మగా ఉంది. చేపలు అంటుకుపోయి ఉంటే ఒక్కొక్కటీ గోటితో విడదీస్తోంది. పేరు పోలమ్మ. మేం దగ్గరికి వెళ్ళేసరికి తలెత్తకుండానే, "ఎంతడిగినాడు?" అంది. చెప్పాం.

"ఆ మిట్ట మాదమ్మా. మా అత్త కాలం నుంచీ అక్కడే ఎండేసుకుంతన్నాం. గాలి బాగా ఆడతాది. సలికాలం మొదట్లో ఈయనొచ్చి తాడు కట్టీసినాడు. ఈ పల్లంలో ఏసుకోమన్నాడు. పోయినారం రెండు గంపలు పురుగు పట్టీసినాయి."

"మరి అడగలేదేం?" అంది వదిన.

"అడగనేటి? గవర్మెంటు కాగితం ఉందన్నాడు. సూపించమంతే మాత్రం సదివేవోళ్ళెవులు? మా మగోల్లు సగం మంది కేరళలో బోట్ల మీదున్నారు. కంపుకి టూరిస్టులు రారంటన్నాడు." ఆవిడ అప్పుడు తలెత్తి మా సంచి వైపు చూసింది. "టూరిస్టులంటే మీలాటోల్లేనా అమ్మా?"

నిష్ఠూరంగా అనలేదు. తెలుసుకుందామని అడిగింది. అందుకే నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఫొటోను ఇష్టపడ్డ నాలాంటి వాళ్ళ పేరు చెప్పి ఈవిడను పల్లంలోకి తోసేశారు.

గణపతికి ఫోన్ చేశాం. రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ ఆఫీసు ఎక్కడో ఆయనకు తెలుసు. "నానేల, మీరు సదువుకున్నోళ్ళు కదా, మీరెల్లండి" అని పోలమ్మ వెనక్కి తగ్గింది. "జాగా నీది. నువ్వు లేకపోతే మేం ఏటని అడుగుతాం?" అని వదిన ఆవిడ చెయ్యి పట్టుకుంది. నెత్తళ్ళను పక్కింటావిడకు అప్పగించి, కాళ్ళు కడుక్కుని, ఆటోలో మా మధ్య కూర్చుంది.

ఆఫీసులో గంటసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. భోజనాల తర్వాత ఇన్‌స్పెక్టర్ గారు పటం విప్పారు. మనిషి కఠినుడేమీ కాదు. పోలమ్మ ఆనవాళ్ళు చెబుతుంటే, ఆయన ఒడియాలో ఏదో గొణుక్కుంటూ వేలు జరిపి ఒకచోట ఆపారు. సర్వసాధారణ భూమి, అంటే అందరిదీ. ఎవరికీ లీజు ఇవ్వలేదన్నారు.

"మరి ఇన్ని నెలలుగా అక్కడ బోర్డు ఉంది కదండీ?" అన్నాను.

ఆయన పటం మడత పెడుతూ, "మాకు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. అందరి భూమికి తాడు కట్టుకోవడానికి కాగితం అక్కర్లేదు. ఆ తాడు విప్పించుకోవడానికి మాత్రం, చేపలు పాడైపోయిన మనిషి పనిమానుకుని వచ్చి, ఒడియాలో రాయించి, ముద్ర వేయించుకోవాలి! మా దుకాణంలో ఇన్నేళ్ళుగా ఇలాంటి దరఖాస్తులే రాస్తున్నాను. వాటి వెనక ఎవరి బతుకు ఎంత పోయిందో ఒక్కసారీ అడగలేదు. ఆ కోపంలో కొంత నామీద కూడా.

వరండాలో కూర్చుని రాశాను. పోలమ్మ వేలిముద్ర వేస్తుందనుకుని ఇంకు డబ్బా అడగబోయాను. "ఉండమ్మా, మూడో తరగతి దాకా ఒడియా బడికెల్లినాను" అని కలం తీసుకుని, ఒక్కో అక్షరం పలుకుతూ సంతకం పెట్టింది. రెండు నకళ్ళ మీద ముద్ర పడింది. ఇన్‌స్పెక్టర్ గారు ఎల్లుండి వచ్చి చూస్తానన్నారు.

"ఎల్లుండి దాకా నెత్తళ్ళు ఆగుతాయా సారూ?" అంది వదిన.

నాలుగింటికి ఒడ్డుకు తిరిగొచ్చి, నేను ముందు దరఖాస్తు ఇచ్చిన స్టేషన్‌కి ఫోన్ చేశాను. అరగంటలో ఒక కానిస్టేబులు మోటారు సైకిల్ మీద వచ్చాడు. మా రెండు కాగితాలూ చదివి, టోపీ మనిషిని లీజు చూపించమన్నాడు. అతను ఎవరికో ఫోన్ కలిపి, "మా సారుతో మాట్లాడండి" అని అందించబోయాడు. కానిస్టేబులు చెయ్యి చాపలేదు. "ఫోను కాదు, కాగితం" అన్నాడు. కాగితం లేదు. "అయితే ఎవరినీ డబ్బులడక్కు, ఎవరినీ ఆపకు" అని చెప్పి, మా పేర్లు పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు. టోపీ మనిషి కుర్చీ మడిచి చంకన పెట్టుకుని, "ఆ కంపులో పడుకోండి, తెలుస్తాది" అంటూ రోడ్డువైపు నడిచాడు.

తాడు విప్పింది మేం కాదు. ఉప్పుగాలికి బిగుసుకుపోయిన ముడిని పోలమ్మ వేళ్ళతో, చివరికి పళ్ళతో లాగి విప్పింది. మరో ముగ్గురు ఆడవాళ్ళు వలలు మోసుకొచ్చారు. అప్పటికి ఎండ వాలిపోయింది, ఆ పూట చేపలు ఎండవని అందరికీ తెలుసు. అయినా మిట్ట మీద వలలు పరిచారు. ఒకావిడ ఇసుక మీద అరచేత్తో తట్టి, "ఎచ్చగుందే" అంది. దానికే నలుగురూ నవ్వారు.

పోలమ్మ చూపించిన మూల డేరా వేసుకున్నాం. కంపు కొట్టింది, కాదనను. గంటకల్లా ముక్కుకి అలవాటైంది. పోలమ్మ ఇంట్లో వేడి అన్నం, నెత్తళ్ళ పులుసు తిన్నాం. డబ్బు ఇస్తే తీసుకోలేదు. వదిన బరంపురం బజారు ధరకి కిలో ఎండుచేపలు కొన్నది. ఆ చేపల సొమ్ము పక్కన పెడితే మా ఐదు వందలు దాటి పోయింది వంద లోపే, అదీ ఆఫీసుకి ఆటోలో తిరగడం వల్ల.

ఇన్‌స్పెక్టర్ గారు ఎల్లుండి రాలేదు. ఎనిమిదో రోజున వచ్చారు. బోర్డు తీయించారు. పోలమ్మ ఫోన్ చేసి చెప్పింది, మిట్ట మీద నెత్తళ్ళు ఇప్పుడు ఒక్క రోజులో ఎండుతున్నాయని. అదే ఫోన్లో ఇంకో మాట కూడా చెప్పింది: దక్షిణంగా అర కిలోమీటరు అవతల కొత్త కర్రలు పాతారట. ఈసారి పదకొండు మంది ఆడవాళ్ళు సంతకాలు పెట్టడానికి సిద్ధంగా ఉన్నారు. రాయాల్సింది నేను. రాస్తున్నాను.

ఉచితంగా దొరికే చోటు కోసం బయల్దేరినప్పుడు, ఎవరూ వాడని ఖాళీ జాగా ఎక్కడో ఉంటుందని ఊహించుకున్నాను. మన తీరంలో అలాంటి జాగా లేదు. ఖాళీగా కనిపించే ప్రతి చోటూ ఎవరో ఎండబెట్టుకునేదో, ఆరబెట్టుకునేదో, పడవ లాగేదో అయి ఉంటుంది. వాళ్ళను అక్కడినుంచి తోసేసి అందంగా ఫొటో తీసినప్పుడే అది మనకు ఖాళీగా కనబడుతుంది. లాడ్జి అద్దె తప్పించుకోవడం తప్పు కాదు. ఆ భారం పోలమ్మ గంప మీద పడితే మాత్రం తప్పు. వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క సలహా: డేరా విప్పే ముందు అక్కడ పనిచేసుకునే వాళ్ళను వెతికి, వాళ్ళ పని ఎన్ని గంటలకు మొదలవుతుందో అడగండి. మాకు చెప్పిన సమయం తెల్లవారుజామున ఐదు. నాలుగున్నరకే డేరా మడిచేశాం.