చిక్కబడిన పాలు

గోపెంగ్ ఊళ్లో సిమ్ మోయ్‌కి ఎవరినీ ఒక పట్టాన నమ్మని మనిషని పేరు. సోయాగింజల బస్తా వస్తే పైన గింజలు చూడదు, అడుగు నుంచి తీయించి కొరికి చూస్తుంది. పందొమ్మిదో ఏట కోడలిగా వచ్చింది మొదలు ఆమె పని ఒకటే. సోయాపాలను వెడల్పాటి పళ్ళేల్లో వెచ్చగా ఉంచి, పైన కట్టిన మీగడను పుల్లతో ఎత్తి, ఆరబెట్టి అమ్మడం.

మీగడ తీసేకొద్దీ, నీరు ఆవిరయ్యేకొద్దీ పళ్ళెంలో పాలు చిక్కబడతాయి. అదీ ఒక్క తీరున కాదు. మధ్యాహ్నం దాకా గరిటెలోంచి నీళ్లలా జారతాయి. ఆ తర్వాత ఇంకాస్త ఇగిరితే చాలు, ఉన్నట్టుండి పాకంలా సాగుతాయి. ఆ ఘడియ ఎప్పుడొస్తుందో కళ్లతోనే పసిగట్టడం అత్తగారు ఆమెకు నేర్పింది.

ఆ ఏడు ఎండాకాలంలో ఆ ఘడియ పొద్దున్నే రావడం మొదలైంది. పాలు గరిటెకు అంటుకుంటున్నాయి. మీగడ ఎత్తబోతే చిరుగుతోంది, నోట్లో వేసుకుంటే గరగరమంటోంది.

"ఎవడో పిండి కలుపుతున్నాడు," అంది భర్త కోక్ వెంగ్‌తో.

"నీకు నీ నీడ మీద కూడా అనుమానమే," అన్నాడతను, చూపు తిప్పుకుంటూ.

గాయాలకు రాసే అయోడిన్ చుక్క పాలలో వేసి చూసింది. పిండి ఉంటే నీలం తిరగాలి. తిరగలేదు. అయినా ఆమె మనసు కుదుటపడలేదు. పిండి కాకపోతే మరొకటి. పళ్ళేల దగ్గర తనూ భర్తా కాక మసిలేది తెయిన్ మ్యింట్ ఒక్కడే. బర్మా నుంచి వచ్చి ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్నవాడు.

ఒకరోజు, అన్నం తెచ్చిచ్చిన అతని భార్య ఎదుటే అతని సంచి లాక్కుని నేల మీద కుమ్మరించింది. లుంగీ, తమలపాకులు, మూత ఊడి ఒలికిన అన్నం డబ్బా.

"ఏం వెతుకుతున్నావక్కా? చెబితే నేనే తీసిస్తాగా," అన్నాడు తెయిన్.

"నోరు చేయకు. రేపట్నుంచి రావద్దు."

కోక్ వెంగ్ పొయ్యి దగ్గరే ఉన్నాడు. తల వంచుకుని కట్టె ఎగదోశాడు.

తెయిన్ వెళ్లిపోయాడు. పాలు మాత్రం అలాగే చిక్కబడ్డాయి. అప్పుడు కంటబడింది టీ కెటిల్ అడుగున తెల్లగా సున్నపు పెచ్చు. బావినీళ్లు కాస్తే అది ఎన్నడూ కట్టలేదు. పెరట్లోకి వెళ్లి చూస్తే తొట్టిలోకి కొత్త గొట్టం. దాని వెంటే నడిస్తే సున్నపురాతి కొండ కింది ఊట దగ్గర తేలింది. ఆ సున్నమే పాలను పట్టి చిక్కబరుస్తోంది.

"బావి పంపు కాలిపోయింది," అన్నాడు కోక్ వెంగ్, నిలదీస్తే. "నాసిరకం కొన్నానని చంపుకుతింటావని చెప్పలేదు. నీళ్లకీ పాలకీ లంకె ఉందని నాకేం తెలుసు?"

"నీళ్లు మార్చానన్న సంగతి తెలుసుగా! అతన్ని తరిమేస్తుంటే అదైనా అనలేకపోయావా?"

"నువ్వు ఎవరి మాట విన్నావు గనక?"



మర్నాడే తెయిన్‌ని వెతుక్కుంటూ వెళ్లింది. కూరగాయల తోటలో గొప్పు తవ్వుతున్నాడు.

"తప్పు నాదే, తమ్ముడూ. వచ్చేయ్."

"పాలు బాగుపడ్డాయా?" అని అడిగాడు ముందు. పంపు మార్పిస్తున్నానని ఆమె చెప్పగా విని, తల ఊపాడు. "సంతోషం. నేను మాత్రం రాలేనక్కా. సంచి కుమ్మరించినప్పుడు మా ఆవిడ అక్కడే ఉంది. ఆ అన్నం తనే ఎత్తింది."

పంపు మారింది, పాలు మునుపటి తీరుకొచ్చాయి. తెయిన్ చేసే పని కూడా ఆమే చేసుకుంటోంది. ఆ వారం చివర కోక్ వెంగ్ చొక్కా తొడుక్కుంటూ, గుడి కమిటీ కూర్చుంటోంది, వెళ్లొస్తానన్నాడు.

"ఎవరెవరు వస్తున్నారు?"

అతను ముగ్గురి పేర్లు చెప్పాడు. అతని సైకిల్ సందు మలుపు తిరిగాక, సిమ్ మోయ్ ఆ ముగ్గురిలో ఒకరి ఇంటికి ఫోన్ కలిపింది.